ముందు ఇల్లు చూసుకోండి

మేడ్చల్,
14 జులై 2025

చిన్నాయినా,

ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పే సంగతికి ఇంత కాగితం ఎందుకని అమ్మ నవ్వుతోంది. నువ్వన్న మాటే ఆమెకు చెప్పాను. పోస్టుమాస్టర్ ఇంటివాళ్లే ఉత్తరం రాయకపోతే ఊరివాళ్లు ఎందుకు రాస్తారు? నీ సంచీలో కరెంటు బిల్లులూ బ్యాంకు నోటీసులూ కాక ఒక్క మనిషి చేతిరాత అయినా ఉండాలి కదా. అందుకని స్టాంపు అంటించి మరీ రాస్తున్నాను.

నాకు పెద్ద పని దొరికింది. నేను మొన్న ఎండాకాలంలో చేరిన గాలయ్య ఫిల్టర్స్ సంగతి నీకు తెలుసు. మందుల ఫ్యాక్టరీల్లో గాలిలో లేచే పొడిని పట్టే గుడ్డ సంచులు కుడతాం. పెట్టినాయన పేరు గాలయ్య, చేసే పని గాలి వడపోయడం. ఆయన కొడుకు పరమేష్ సారు ఇప్పుడు చూసుకుంటున్నారు. పెద్ద ఆర్డర్ వచ్చిందని సారు రెండో షెడ్డు కట్టించి కొత్త కుట్టుమిషన్లు దింపారు. మిషన్లున్నాయి, గుడ్డ ఉంది, కుట్టే మనుషులే లేరు. అందరూ కొంపల్లి మాల్స్‌కో డెలివరీ బండ్లకో పోతున్నారు. మిషన్ల మీద దుప్పట్లు కప్పి షెడ్డుకు తాళం వేశారు. దసరా లోపల ముప్పై మంది చేరకపోతే ఆర్డర్ వదిలేసి మిషన్లు అమ్మేస్తానని సారు మీటింగులో అన్నారు.

అప్పుడు నేను చెయ్యెత్తాను. "సార్, మన వెబ్‌సైట్ మంచిగ లేదు, దాన్ని కొత్తగ జేస్తె మనుషులొస్తరు" అన్నాను. "గా వెబ్‌సైట్ జూసి ఇప్పటిదాంక ఒక్క కాకి గూడ రాలేదమ్మా" అన్నారు సారు. అందరూ నవ్వారు.

రాదు మరి. తెరవగానే దండ వేసిన గాలయ్య తాత ఫోటో. చూసినవాళ్లు దశదినకర్మ కార్డు అనుకుంటారు. కింద మా దార్శనికత, మా కార్యదక్షత అని ఇంత పొడుగు. ఉద్యోగాల పేజీ నొక్కితే "పనులు జరుగుచున్నవి" అని వస్తుంది. నేను బడిలో ఉన్నప్పటి నుంచీ ఆ పనులు జరుగుతూనే ఉన్నాయట.

చివరికి సారు ఒప్పుకున్నారు. మనుషులు వస్తే నన్ను పర్మనెంట్ చేసి, రెండో షెడ్డు బాధ్యత నాకే ఇస్తారు. రాకపోతే షెడ్డూ ఉండదు, బహుశా నేనూ ఉండను. నాకు భయంగా లేదు, చేతులు ఊరుకోవడం లేదు. నాయినకు మాత్రం ఇప్పుడే చెప్పకు. ఓడిపోతే డిపోలో కండక్టర్లందరికీ చెప్పి నవ్వుతాడు.

నీ రాతల పిచ్చి అంటుకున్న బిడ్డ,
వర్ష

*

శామీర్‌పేట,
20 జులై 2025

బిడ్డా వర్షా,

ఊరందరి ఉత్తరాలూ పంచి, తన పేరుతో ఒక్కటి వస్తే పండగ చేసుకునే చిన్నాయిన ఆశీస్సులు. నీ ఉత్తరం మేడ్చల్‌లో బయలుదేరి, పట్నం పోయి, ముద్ర గుద్దించుకుని నా దగ్గరికి వచ్చింది. బస్సెక్కితే గంటలో వచ్చేదానివి. అయినా పట్నం చూసి వచ్చిన మాటకు ఉండే విలువ వేరు.

చెయ్యెత్తినందుకు సంతోషం. మన ఇంట్లో ఇదివరకు చెయ్యెత్తింది మీ నాయిన ఒక్కడే, అదీ బస్సు ఆపడానికి.

నాకు తోచింది చెప్తాను. గాలయ్య తాత ఫోటో తీసెయ్యకు, దండ తీసెయ్యి. పెట్టినవాడి ముఖం ఇంట్లో ఉండాలి. కాకపోతే మొదటి పేజీలో మాత్రం బతికున్న మనిషి ముఖం పెట్టు, నవ్వే ముఖం. నేను పోస్టాఫీసు గోడ మీద ఎన్ని కాగితాలు అంటించానో, మనిషి బొమ్మ లేని కాగితం ముందు ఎవడూ నిలబడడు.

మీ చిన్నమ్మ దుర్గాబాయి నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని రెండుసార్లు చదివింది. "గా మిషన్లు కాలుతోని తొక్కేటియా, కరెంటువా?" అని అడుగుతోంది. ఆమెకెందుకో నాకు తెలియదు. తన మిషన్ బిడ్డ స్రవంతికి ఇచ్చి అత్తగారింటికి పంపినప్పటి నుంచీ ఎవరింట్లో మిషన్ చప్పుడైనా ఆగి వింటుంది. అడిగింది కాబట్టి రాస్తున్నాను.

నీ పక్షాన నిలబడే,
సిద్దిరాములు చిన్నాయిన

*

మేడ్చల్,
31 జులై 2025

చిన్నాయినా,

అయిపోయింది. నిన్న సాయంత్రం కొత్త వెబ్‌సైట్ తెరిచాం. సారు తన ఫోన్లో అటూ ఇటూ తిప్పి, "మన కంపెనీయేనా గిది?" అన్నారు.

మొదటి పేజీలో ముఖం ఉండాలన్నావు. కుట్టే ఆడవాళ్లను అడిగితే "మా ఇండ్లల్ల ఏమంటరో, మేము రాము" అని కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఇక తప్పక నాదే పెట్టాను. నా దగ్గరున్న మంచి ఫోటో బోనాల నాడు తీసిందే. ఆకుపచ్చ పట్టుచీర, చేతినిండా గాజులు, తలలో పూలు. నెత్తి మీది బోనం వరకు కత్తిరించేశాం. ఫోటో కింద పెద్ద అక్షరాలతో "మా కుటుంబంలోకి రండి" అని పెట్టాను. పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇప్పుడు ఇలాగే పిలుస్తున్నాయి. దాని కింద నా మాటలు, ఒక్కటీ వృథా కాలేదు చూడు:

"వయస్సు 21 నుంచి 30. కులమతాల పట్టింపు లేదు. బుద్ధిమంతులు, చెడు అలవాట్లు లేనివారు కావలెను. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. వివరాలకు: వర్ష."

నా నంబరు కూడా ఇచ్చాను. కంపెనీ ఏం చేస్తుంది, పని ఎలా ఉంటుంది అన్నవన్నీ తర్వాతి పేజీల్లో ఉన్నాయి. పొద్దుటి నుంచీ ఫోన్ మోగుతూనే ఉంది. చిత్రం ఏమిటంటే, నేను "గాలయ్య ఫిల్టర్స్" అనగానే సగం మంది పెట్టేస్తున్నారు. సిగ్నల్ సమస్య అనుకుంటా.

చిన్నమ్మకు చెప్పు, మిషన్లు కరెంటువి. కాలితో ఊరికే నొక్కితే చాలు, పరుగెత్తుతాయి. నువ్వు కూడా మీ పోస్టాఫీసుకు వచ్చేవాళ్లందరికీ చూపించి, తగినవాళ్లుంటే నాకు రాయి.

సంతోషం పట్టలేని,
వర్ష

*

శామీర్‌పేట,
6 ఆగస్టు 2025

బిడ్డా,

చూశాను. పార్సిల్ కోసం వచ్చిన బాలేష్ తన ఫోన్లో చూపించాడు. మా దగ్గర సిగ్నల్ సంగతి తెలిసిందే. మొదటి పేజీ వచ్చి, తర్వాత చక్రం తిరుగుతూ ఆగిపోయింది. నాకు ఆ ఒక్క పేజీ చాలు.

నాకు అంతా అర్థమైంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు కొట్టావు. కంపెనీ పని కంపెనీకి అయింది, నీ మనసులో మాట కూడా బయటపడింది. మీ నాయినకు చెప్పొద్దని మొదటి ఉత్తరంలోనే రాశావు, నాకే అప్పుడు వెలగలేదు. ఇలాంటివి నోటితో చెప్పలేక ఆడపిల్లలు ఎంత సతమతమవుతారో నాకు తెలుసు. నువ్వు ఏకంగా లోకానికే చెప్పేశావు. నాకైతే నచ్చింది. ఉత్తరం పదిమంది చేతులు మారుతుంది కాబట్టి కొన్ని మాటలు బాహాటంగా రాయను, నువ్వే గ్రహించుకో.

ఒక్క మాట మాత్రం తీసెయ్యి. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం ఏమిటి బిడ్డా? అనుభవం ఉన్నవాళ్లు మనకెందుకు? మనకు మొదటిసారి వచ్చేవాళ్లే కావాలి.

నా ఎరుకలో ఇద్దరున్నారు. ఒకడు కౌకూర్ శివమ్మ కొడుకు అన్వేష్. ఒక్కడే కొడుకు, చామనఛాయ, మంచి ఎత్తు. కొంపల్లి మాల్‌లో చేస్తాడు. బీడీ, మందు ముట్టడు, తల్లి మాట జవదాటడు. రెండోవాడు మన బాలేష్ తమ్ముడు మల్లేష్. ఇంకాస్త తెల్లగా ఉంటాడు గానీ మాట తొందర. నీకు ఎవరు నచ్చితే వాళ్లు.

మీ చిన్నమ్మ "గా ముప్పై అని రాసింది గట్టిగనేనా? దాటినోళ్లను తీసుకోరా?" అని అడిగింది. దాటినవాడు మనకేం ఖర్మ అని కోప్పడ్డాను. మొహం ముడుచుకుని లోపలికి పోయింది. మళ్లీ వచ్చి "ఆడ ఆడోళ్లు ఎంతమందున్నరో గూడ రాసి అడుగు" అంది. అడుగుతున్నాను.

నీ మేలు కోరే,
చిన్నాయిన

*

మేడ్చల్,
11 ఆగస్టు 2025

చిన్నాయినా,

నువ్వు బంగారం. నా కష్టం ఇంత బాగా అర్థం చేసుకున్నది నువ్వొక్కడివే.

ఎవరు నచ్చితే వాళ్లు అంటావేమిటి, ఇద్దరినీ తీసుకుంటాం. నీ చూపులో ఇంకో నలుగురుంటే వాళ్లనూ పంపు. ముప్పై మంది కావాలని చెప్పాను కదా. రంగు ఎందుకు రాశావో గానీ, మాకు చేతులు చురుగ్గా కదిలితే చాలు.

వాళ్లకు ముందే ఒక మాట చెప్పు. మొదట మూడు నెలలు చూస్తాం. నచ్చితే పర్మనెంట్ చేసుకుంటాం, నచ్చకపోతే మర్యాదగా పంపించేస్తాం. వాళ్లకు మేం నచ్చకపోయినా వెళ్లిపోవచ్చు, మనసులో ఏం పెట్టుకోం. పోయిన నెల ఒకతను రెండు రోజులుండి, చెప్పకుండా పోయాడు. అలాంటివి మాకు అలవాటే.

అనుభవం మాట తీసెయ్యమంటే తీసేస్తాను. కాకపోతే కొంచెం అనుభవం ఉంటే నాకు నేర్పే బాధ తప్పుతుంది.

చిన్నమ్మకు చెప్పు, ముప్పై దాటినా సరే, నలభై దాటినా సరే. సారును అడిగి ఆ గీత తీసేశాను. ఇక్కడ సగానికి పైగా ఆడవాళ్లే.

ఈ ఆదివారం పదిన్నరకు పంపు. ఆధార్ కార్డు తెచ్చుకోమను. సారు స్వయంగా కూర్చోబెట్టి చూస్తారు.

నీ వర్ష

*

శామీర్‌పేట,
16 ఆగస్టు 2025

వర్షా,

నీ ఉత్తరం చదివి మధ్యాహ్నం వేసుకోవాల్సిన బీపీ బిళ్ల పొద్దున్నే వేసుకున్నాను.

ఇద్దరినీ తీసుకుంటావా? ఇంకో నలుగురా? ముప్పై మందా? అలాంటి కథలు పురాణాల్లో చెల్లుతాయి గానీ మేడ్చల్‌లో చెల్లవు. మూడు నెలలు చూసి నచ్చకపోతే పంపించేస్తావా? రెండు రోజులుండి పోయినవాడు ఎవడు? ఈ సంగతి మీ నాయినకు తెలుసా? మన ఇంటా వంటా లేని మాటలు ఇంత హాయిగా ఎలా రాశావో నాకు అంతుపట్టలేదు. స్వయంగా కూర్చోబెట్టి చూడడానికి మీ సారు ఎవరు? కన్నతండ్రి బతికే ఉన్నాడు.

నేనైతే వద్దనేవాణ్ని. కానీ శివమ్మకు మాట ఇచ్చేశాను, మాట తప్పడం నాకు చేతకాదు. రేపు తల్లీకొడుకులు వస్తారు. నేను వస్తే అన్నకు చెప్పకుండా చూపులు పెట్టించానన్న మాట పడాలి, కాబట్టి మీ చిన్నమ్మ వస్తుంది. ఆమె రెండు రోజుల నుంచీ చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది. పెళ్లిచూపులు నీకా వర్షకా అని నేనంటే నవ్వింది. నువ్వు మాత్రం పద్ధతిగా తల వంచుకుని కూర్చో. మూడు నెలల మాట ఎత్తకు.

పరేషాన్‌లో ఉన్న,
చిన్నాయిన

*

మేడ్చల్,
21 ఆగస్టు 2025

చిన్నాయినా,

నీ పదహారో తేదీ ఉత్తరం నిన్న చేరింది. అది ఆదివారం లోపల వచ్చి ఉంటే మేమంతా ఇంత నవ్వు పోగొట్టుకునేవాళ్లం. నీకు బీపీ తెప్పించినందుకు మాత్రం నా చెంపలు నేనే వేసుకుంటున్నాను. జరిగింది వరసగా చెప్తాను.

ఆదివారం ఆటో దిగేసరికే అన్వేష్ కొత్త చొక్కాలో చెమటలు కక్కుతున్నాడు. శివమ్మ చేతిలో స్టీలు డబ్బా, పూలు, వెనకే చిన్నమ్మ. ఉద్యోగానికి ఇంత ముస్తాబై వచ్చినవాణ్ని సారు ఎప్పుడూ చూడలేదు. మురిసిపోయి కుర్చీ వేయించారు.

"ఇదివరకు ఏడన్న జేసినవా?" అన్నారు సారు.

"లేదు సార్, గిదే మొదటిసారి" అన్నాడు అన్వేష్, తల వంచుకుని.

"మంచిది. మరి మా దగ్గర ఎన్ని దినాలుంటవ్?"

"జీవితాంతం సార్."

ఆరు నెలలుంటానని కూడా ఎవరూ చెప్పని కంపెనీ ఇది. సారుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "గిసొంటి పిలగాండ్లు ఇంకెక్కడున్నరమ్మా" అని నాతో గుసగుసగా అన్నారు. మిషన్ దగ్గర కూర్చోబెడితే అతని కుట్టు చెరువు కట్టలాగా వంకర పోయింది. పెద్దవాళ్లేదో పరీక్ష పెడుతున్నారనుకుని పాపం తెగ చెమటోడ్చాడు.

ఈలోగా శివమ్మ లేచింది. "పెండ్లి అయినంక గూడ పిల్ల గీడనే పని జేస్తదంటిరి. మరి మేం జూసుకోవద్దా? పిల్లనిచ్చేటోళ్లేనా ఇల్లు జూసేది?" అంది. ఆ పెళ్లి ఎవరిదో మాకు తెలియదు, అడగడానికి సందు ఇవ్వలేదు. షెడ్డంతా తిరుగుతూ సారును నిలదీసింది. తాగే నీళ్లు ఎక్కడివి? ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ ఉందా? అన్నం ఎక్కడ తింటారు, కింద కూర్చునా, బల్లల మీదా? పెద్దమనిషికి కోపం ఎక్కువా? సారు నీళ్లు నమిలారు. గడియ ఊడి చాలా రోజులైంది. చివరికి "పొద్దువోతె ఆడివిల్లను ఇంటికాడ ఎవలు దింపుతరు?" అంటే ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు, తప్పు చేసిన అల్లుడిలాగా.

తర్వాత శివమ్మ పూలు తీసి "ఇగ పిల్లకు పెడ్తం" అంది. ఏ పిల్లకు అన్నాను. "నీకే గద బిడ్డా, నీ ఫోటో జూసే గద వచ్చినం" అంది. సారు నా వైపు, నేను అన్వేష్ వైపు, అతను నేల వైపు చూశాం. ముందు నవ్వింది శివమ్మే. కడుపు పట్టుకుని గోనెపట్టా మీద కూలబడింది. అన్వేష్ ముఖంలో మాత్రం ప్రాణం వచ్చింది. "నాకు ఇప్పుడే పెండ్లి వద్దమ్మా అంటె నువ్వు ఇనవు. సార్, గా ఉద్యోగమన్న నిజమేనా? దినమంత మాల్ల నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నయి" అన్నాడు. సారు అక్కడికక్కడే గుడ్డ కత్తిరించే పనిలోకి తీసుకున్నారు. స్టీలు డబ్బాలోవి తీపి గరిజెలు, అందరం తిన్నాం.

నాకు అప్పుడు బుర్ర వెలిగింది. పిల్లనివ్వడానికి ముందు మనం ఎన్ని ఆరాలు తీస్తాం? కన్నబిడ్డనో కోడలినో రోజంతా ఉంచే చోటుకు పంపేవాళ్లకు మాత్రం దార్శనికత చాలా? సోమవారం నా ఫోటో తీసేశాను. "మా కుటుంబంలోకి రండి" తీసేశాను. ఆ చోట ఇప్పుడు "ముందు ఇల్లు చూసుకోండి" అని ఉంది. కింద శివమ్మ అడిగినవన్నీ ఆమె అడిగిన వరసలోనే, పక్కన సారు జవాబులు. కొత్త గడియ ఫోటో కూడా పెట్టాను. సంచులు మోసే వ్యాన్‌లో సీట్లు వేయిస్తున్నారు, శామీర్‌పేట వైపు ఒక ట్రిప్పు, కౌకూర్ వైపు ఒకటి. ఇకపై ప్రతి ఆదివారం ఇంటిల్లిపాదీ వచ్చి చూసుకోవచ్చు. గాలయ్య తాత చివరి పేజీలో దండ లేకుండా హాయిగా ఉన్నాడు.

ఇంకొక్క సంగతి. కూర్చుని చదువు. గరిజెలు తినేటప్పుడు చిన్నమ్మ కనిపించలేదు. వెతికితే, శివమ్మకు చూపించడానికి తాళం తీసిన రెండో షెడ్డులో ఉంది. ఒక మిషన్ మీది దుప్పటి తీసి, పక్కన పడేసిన పీలిక ఒకటి కుడుతోంది. "ఇది మస్తు ఉర్కుతాంది బిడ్డా, నేనే ఎనుకవడ్తున్న" అని చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి ఇలా అంది: "నేనడిగింది పిలగాండ్ల కోసం కాదు, నా కోసం. మీ చిన్నాయినను అడిగిన ప్రతిసారి, నేనన్నది అన్నట్టె నీకు రాసిండు. ఆయనకు మాత్రం ఇనవడలే."

ఆమె పనిలో చేరతానంటోంది చిన్నాయినా. నీకు నన్ను రాయమంది.

నీ వర్ష

*

శామీర్‌పేట,
28 ఆగస్టు 2025

వర్షా,

అందింది. నిన్న వినాయక చవితి. మీ చిన్నమ్మ ఉండ్రాళ్లు చేసి, నా ముందు పెట్టి లోపలికి పోయింది.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియడం లేదు. మిషన్ కరెంటుదా అని, ముప్పై దాటితే తీసుకోరా అని ఆమె అడిగినవి నా చేత్తోనే రాశాను. ఊళ్లో ఎవరి ఉత్తరం ఎవరికి చేరాలో నాకు తెలుసు. ఇంట్లో మనిషి మాట మాత్రం నాకని తెలియలేదు.

తెలిసినా ఒప్పుకోను. పూట గడవని ఇల్లు కాదు మాది. మధ్యాహ్నం నేను పోస్టాఫీసు మూసి వచ్చేసరికి తలుపు తీసి ఉండాలి. "పొయ్యి ఏం జూసినవ్ ఆడ?" అని అడిగితే, "ఇల్లు జూసొచ్చిన. నచ్చింది" అంది. అంతే. అప్పటి నుంచీ అవసరమైన మాటలే నడుస్తున్నాయి.

ఆమె రాదు. ఆమె కోసం మిషన్ పట్టి ఉంచకు.

సిద్దిరాములు

*

మేడ్చల్,
15 సెప్టెంబర్ 2025

చిన్నాయినా,

ఇన్ని రోజులు రాయనందుకు కోప్పడకు. ఆదివారం వస్తే మా గేటు దగ్గర జాతర. అత్తలూ కోడళ్లూ, తండ్రులూ బిడ్డలూ, ఒకామె మొగుణ్ని రెక్క పట్టుకుని తెచ్చింది. ఎవరో ఒక తాత నీళ్ల ట్యాంకు ఎక్కి మూత తీసి చూశాడు. సారు ముందు చిన్నబుచ్చుకున్నారు, ఇప్పుడు ఆయనే నిచ్చెన తెచ్చి వేస్తున్నారు. వెబ్‌సైట్‌లో ప్రశ్నలు రోజూ పెరుగుతున్నాయి. పండగకు సెలవిస్తారా, పిల్లకు జ్వరమొస్తే మధ్యలో పంపిస్తారా, తిట్టే సూపర్వైజర్ ఎవరైనా ఉన్నారా? ఆఖరిదానికి "ఉండేవాడు, ఇప్పుడు తిట్టడు" అని సారే జవాబు చెప్పి రాయించారు. దాన్ని చూసే అయిదుగురు చేరారు.

ముప్పైకి ఇంకా కొద్దిమందే తక్కువ. దసరా దగ్గరికొచ్చింది, నాకు అన్నం సయించడం లేదు. కానీ ఇది భయం కాదు, పరుగుపందెంలో చివర ఉండే ఉత్సాహం.

మిషన్ పట్టి ఉంచొద్దన్నావు. నేను వినలేదు. చిన్నమ్మ కూర్చున్న మిషన్ మీది దుప్పటి ఇంకా తీయనివ్వలేదు. సారు రెండుసార్లు అడిగారు, మా ఇంటి మనిషిది అన్నాను.

ఒకటి ఆలోచించాను. ఊరందరినీ ఇల్లు చూసుకోమని పిలుస్తూ నిన్ను మాత్రం పిలవలేదు. చూడని ఇంటికి మనిషిని పంపమని అడగడం మన పద్ధతి కాదు. తప్పు నాదే. ఒక ఆదివారం రా. చూసి, నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. మనసులో ఏం పెట్టుకోను.

నీ వర్ష

*

శామీర్‌పేట,
28 సెప్టెంబర్ 2025

బిడ్డా,

నేను వచ్చిన సంగతి నీకు తెలియదు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు, పోయిన ఆదివారం, మీ వ్యాన్‌లోనే వచ్చాను. పేరు చెప్పలేదు, అందరితోపాటు నడిచాను. నీళ్లు తాగి చూశాను. దొడ్డి గడియ ముమ్మారు లాగి చూశాను, గట్టిదే. అన్నం బల్లలు తుడిచి ఉన్నాయి. అన్వేష్ కనిపించి "మామా" అని నోరు తెరిస్తే కళ్లతోనే ఆపాను. కుట్టే ఆడవాళ్లను అడిగితే "మా సారు ఇప్పుడు అరుస్తలేడు, మేమే అరుస్తున్నం" అన్నారు.

నువ్వు గేటు దగ్గర ఒక పెద్దమ్మకు వ్యాన్ ఎక్కడ ఆగుతుందో చెప్తున్నావు. ఆమె మళ్లీ మళ్లీ అడుగుతోంది, నువ్వు మళ్లీ మళ్లీ చెప్తున్నావు. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇది మా అన్న బిడ్డ అని పక్కవాడితో చెప్పబోయి ఊరుకున్నాను.

రెండో షెడ్డులో దుప్పటి కప్పిన మిషన్ ఒక్కటే ఉంది. దుప్పటి అంచు ఎత్తి చూసి మళ్లీ సర్దాను.

ఇంటికి వచ్చేసరికి ఆమె వాకిట్లో తంగేడు పూలు పేరుస్తోంది. "ఏడికి వోయినవ్?" అంది. "ఇల్లు జూసొచ్చిన" అన్నాను. చేతిలో పువ్వు అట్లాగే ఉండిపోయింది. తెల్లారి ఆమె టిఫిన్ డబ్బా నేనే తుడిచి ఇచ్చాను. తర్వాతిదంతా నీ కళ్లముందే ఉంది. ముప్పయ్యో మనిషి ఆమేనని నువ్వు కేకేశావట, సాయంత్రం వచ్చి చెప్పింది. ఆ రోజు ఆమె చెప్తుంటే నేను విన్నాను. అది కూడా ఒక కొత్త అలవాటే.

మధ్యాహ్నం ఇంటికి వస్తే తాళం నేనే తీసుకోవాలి. అన్నం మీద మూత, మూత మీద పచ్చడి గిన్నె, అన్నీ ఉంటాయి. మనిషే ఉండదు. మొదటి రోజు తినబుద్ధి కాలేదు. అప్పుడు ఒకటి తట్టింది. పెళ్లయిన నాటి నుంచీ మేం ఒక్క కప్పు కిందే ఉన్నాం, ఆమెకు ఉత్తరం రాసే పని నాకు పడలేదు. ఊరందరి పేర్లూ పిలిచి ఉత్తరాలిచ్చాను, దుర్గాబాయి పేరు ఒక్కసారీ పిలవలేదు.

అందుకని రాశాను. ఇందులో మడిచి పెట్టింది ఆమెది. నువ్వు చదవకు. ఇంట్లో ఇస్తే ఉత్తరం కాదు. మధ్యాహ్నం అన్నం వేళ, నలుగురిలో పేరు పిలిచి ఇవ్వు.

నీ చిన్నాయిన

*

మేడ్చల్,
4 అక్టోబర్ 2025

చిన్నాయినా,

సారు ఆయుధపూజకు షెడ్డులో ప్రతి మిషన్‌కూ బొట్టు పెట్టారు, ఒక్కదాని మీదా దుప్పటి లేదు. ఆర్డర్ మనదే. నన్ను పర్మనెంట్ చేశారు. నాయినకు చెప్తే నవ్వలేదు, డిపోకు మిఠాయి పట్టుకుపోయాడు.

నీ పని నిన్న చేశాను. అందరూ డబ్బాలు విప్పాక, నువ్వు పిలిచినట్టే గొంతు పెంచి "దుర్గాబాయి, ఉత్తరం" అన్నాను. ఆమె ముందు తనను కాదనుకుంది. రాత చూసి గుర్తుపట్టి, ముఖం గోడ వైపు తిప్పుకుని చదివింది. "ఏం రాసిండు చిన్నమ్మా" అంటే "ఇంటి సంగతి" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, నా దగ్గర పెన్ను అడిగింది. పని గంట మోగినా రాస్తూనే ఉంది. సారు అటు వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోయారు.

దాన్ని సాయంత్రం చేతికే ఇవ్వొచ్చు కదా అన్నాను. "వద్దు. స్టాంపు పెట్టి డబ్బాల ఎయ్యి, పట్నం దిరిగి రానీ. ఆయన పేరు మీద ఆయననే ముద్దర గుద్దుకోవాలె" అంది.

ఆ కవరు కూడా దీనితోపాటే నీ సంచీలో ఉంటుంది. రాత తెలిసిందే కదా అని ముందే విప్పకు. ముద్ర గుద్ది, నీ పేరు నువ్వే గట్టిగా పిలుచుకుని తీసుకో.

నీ వర్ష